అబ్బాయికి తొమ్మిది రోజులు, అమ్మాయికి పదిహేను



పిల్లలు ఆడుకుని ఇంటికొస్తే మనం ముందు చూసేది మోకాళ్లు. తోలు లేచిందా, నెత్తురొచ్చిందా అని. నెత్తురొస్తే కడిగి కట్టు కడతాం, టిటనస్ ఇంజెక్షను వేయిస్తాం. నుదురు బొప్పి కడితే కాపడం పెడతాం. మరి బొప్పీ లేదు, నెత్తురూ లేదు, పిల్ల మాత్రం "తల దిమ్ముగా వుందమ్మా" అంటుంది. అప్పుడేం చేస్తాం? "ఎండన పడి ఆడావు, కాసేపు పడుకో" అంటాం. అంతేగా!

ఆ దిమ్ము గురించే ఇవాళ మీతో ముచ్చటించాలని వచ్చాను. డాక్టర్లు దీన్ని కంకషన్ అంటారు. కొబ్బరికాయ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాం కదా, నీళ్లున్నాయో లేదోనని. పెంకు చెక్కుచెదరదు, లోపల నీళ్లు మాత్రం అల్లాడతాయి. తల గట్టిగా అదిరినప్పుడు మెదడు సంగతీ అంతే. పుర్రె పగలదు. ఎక్స్‌రేలో ఏమీ కనబడదు, స్కాన్ తీయించినా చాలామందికి అంతా సవ్యంగానే వున్నట్టు వస్తుంది. కాని లోపల వెంట్రుకకన్నా సన్నని నరపు పోగులు సాగిపోయి, కొన్నాళ్లపాటు మెదడు తన పని తాను సరిగా చేసుకోలేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేట్టుండడం, వెలుతురు చూడలేకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఇవన్నీ దాని లక్షణాలే. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకుంటారు చాలామంది. పదిమందిలో తొమ్మిదిమందికి స్పృహ తప్పదు.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో పిల్లలకని పెద్ద ఆస్పత్రి ఒకటుంది. ఆటల్లో ఇలా తలకు దెబ్బ తగిలి అక్కడికొచ్చిన 192 మంది పిల్లల రికార్డులు తిరగేసి, 2019లో అక్కడి డాక్టర్లు ఒక వ్యాసం ప్రచురించారు. అందరూ 7 నుంచి 18 ఏళ్లవాళ్లు. అందులో ఒక లెక్క వుంది. దెబ్బ తగిలాక స్పెషలిస్టు దగ్గరకు చేరడానికి ఎన్ని రోజులు పట్టింది అని. పిల్లల్ని వరసగా నిలబెట్టి సరిగ్గా నడుమనున్న వాళ్లను అడిగారనుకోండి, అబ్బాయి 9 రోజులంటాడు, అమ్మాయి 15 అంటుంది.

ఒకే ఊరు, ఒకే ఆస్పత్రి, ఒకే రకం దెబ్బ. ఆ ఆరు రోజులూ ఆడపిల్ల ఎక్కడున్నట్టు? దీనికి జవాబు ఒక్క ఆస్పత్రి గోడల మధ్య దొరకదు. నూటయాభై ఏళ్లు వెనక్కు పోవాలి. కాస్త ఓపిక పట్టండి, దారిలో మంచి కథలే వున్నాయి.

1866లో లండనులో ఎరిక్సన్ అని పేరుమోసిన సర్జను ఒకాయన, రైలు ప్రమాదాల్లో తగిలే దెబ్బల గురించి పుస్తకం వేశాడు. అప్పుడు ఇంగ్లండులో రైలు ప్రయాణం ఎంత గొప్పో, రైలు ప్రమాదం అంత మామూలు. పెట్టెలు గుద్దుకున్నాక లేచి, బట్టలు దులుపుకుని, తమ కాళ్లమీద తాము ఇంటికి నడిచివెళ్లిన పెద్దమనుషులే నాలుగు రోజులు పోయాక తల పట్టుకుని కూర్చునేవారు. నిద్ర పట్టదు, జ్ఞాపకం నిలవదు, చప్పుడు సహించదు. ఒంటిమీద చూస్తే గీత కూడా వుండదు. నష్టపరిహారం ఎగ్గొట్టాలి గనుక రైలు కంపెనీలవాళ్లు ఇదంతా నటనో హిస్టీరియానో అని కోర్టుల్లో వాదించేవారు. ఎరిక్సన్ ఒప్పుకోలేదు. వెన్నుకూ నరాలకూ నిజంగానే అదురు తగిలిందన్నాడు. కంకషన్ అనే మాటే వాడాడు. అంతవరకు మెచ్చుకోవలసిందే. కాని ఆయన వాదనలో ఒక మెట్టు చూడండి. నిబ్బరంగా వ్యాపారం చేసుకునే నడివయసు మగవాడికి హిస్టీరియా ఎందుకొస్తుంది, అది ఆడపిల్లలకొచ్చే జబ్బు కదా, అంచేత ఇది దెబ్బే అయివుండాలి, అని!

మరి అదే పెట్టెలో అదే బల్లమీద కూర్చున్న ఇల్లాలికి అవే బాధలు వచ్చాయనుకోండి. ఆ లెక్కన ఆమెకు హిస్టీరియా రావడంలో వింతేముంది? లక్షణాలు అవే, పేరు మారిపోయింది. తరవాత 1883లో పేజ్ అని ఒక రైలు కంపెనీ సర్జనే ఇంకో పుస్తకం రాసి, ఇందులో దెబ్బకన్నా భయం పాలే ఎక్కువన్నాడు. ఆ తగవులోకి మనమిప్పుడు పోనక్కర్లేదు.

ఆ రోజుల్లోనే, నేనిందాక చెప్పిన ఫిలడెల్ఫియాలోనే, వైర్ మిచెల్ అని నరాల వైద్యుడొకాయన వుండేవాడు. అమెరికా అంతర్యుద్ధంలో గుండు దెబ్బలకు నరాలు దెబ్బతిన్న సైనికులను చూసి చూసి పేరు తెచ్చుకున్నవాడు. సామాన్యుడు కాదు. నరాల నీరసం అని తన దగ్గరకొచ్చిన ఆడవాళ్లకు ఆయన ఇచ్చిన వైద్యం పేరు విశ్రాంతి చికిత్స. వారాల తరబడి మంచం దిగకూడదు. చదవకూడదు, రాయకూడదు, సూదీ దారం పట్టకూడదు. దండిగా పాలు పట్టించడం, ఒళ్లు మర్దనా చేయించడం. అదే నీరసంతో వచ్చిన మగవాళ్లను కొందర్ని ఆయన ఎక్కడికి పంపాడో తెలుసా? పడమటి మైదానాలకు పోయి గుర్రమెక్కి తిరిగి, వేటాడి, ఆరుబయట పడుకుని రమ్మన్నాడు. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ అనే రచయిత్రి 1887లో ఆయన చేత వైద్యం చేయించుకుని, ఇంటికొచ్చి ఆ పత్యం పాటించి, మతి పోయేంతవరకు వచ్చింది. ఆ పత్యం వదిలేశాకే తేరుకుంది. 1892లో "ది యెల్లో వాల్‌పేపర్" అన్న కథ అచ్చు వేసింది. ఇప్పటికీ ఇంగ్లీషు ఎమ్మేవాళ్లు చదువుతారు. 

ఇక ఆటల మాటకొద్దాం. 1873లో బోస్టనులో క్లార్క్ అనే డాక్టరు, ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే ఒంట్లో శక్తి అంతా తలకెక్కి గర్భసంచికి అందకుండా పోతుందని పుస్తకం రాసి దేశాన్ని హడలగొట్టాడు. చదువుకే ఇలా అంటే ఆటకు ఎలా అని వుంటారో వేరే చెప్పాలా! మన ఇళ్లలో పిల్ల పెద్దమనిషి కాగానే ఖోఖో, టెన్నికాయిట్ మానిపించిన నాయనమ్మలు క్లార్క్ గారి పుస్తకం చదివి మానిపించలేదు గాని, ఆలోచన ఒకటే. 1891లో బాస్కెట్‌బాల్ పుట్టింది. ఏడాది తిరిగేసరికి స్మిత్ కాలేజీ అనే ఆడపిల్లల కాలేజీలో సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ దాన్ని తన పిల్లలకు నేర్పింది. పిల్లలు అలిసిపోతారని, కిందామీదా పడతారని, ఆటస్థలాన్ని మూడు గదులుగా గీసి, ఎవరి గదిలో వాళ్లే ఆడాలి, గీత దాటకూడదు, చేతిలో బంతి లాక్కోకూడదు అని రూలు పెట్టింది. 1893లో జరిగిన మొదటి పోటీకి మగవాళ్లను చూడ్డానికి కూడా రానివ్వలేదు. ఆవిడను తప్పుపట్టలేం. ఆ గీతలు గీయబట్టే ఆడపిల్లలకు ఆ ఆటైనా దక్కింది.

అదే కాలంలో మగపిల్లల మైదానంలో ఏం జరుగుతోంది? అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తడం, పదకొండుమంది మీదపడి పడగొట్టడం. 1905లో ఆ ఒక్క సీజనులోనే 18 మంది చనిపోయారని షికాగో ట్రిబ్యూన్ పత్రిక లెక్కతేల్చింది. అప్పటి ప్రెసిడెంటు థియొడోర్ రూజ్‌వెల్టు స్వయంగా హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలవాళ్లను వైట్‌హౌసుకు పిలిపించి మాట్లాడాడు. ఆటను మానిపించాలని కాదు, నిలబెట్టాలని! మరుసటి ఏడు రూల్సు మారాయి. నాకు ముఖ్యమనిపించిన సంగతి ఇంకొకటి. ఆ 1905 సీజనంతా హార్వర్డ్ జట్టు వెంట నికొల్స్ అనే సర్జను తిరిగాడు. స్మిత్ అనే మరో డాక్టరుతో కలిసి, ఎవరికి ఏ దెబ్బ తగిలిందీ రాసిపెట్టి 1906లో ప్రచురించాడు. 145 దెబ్బలు. అందులో కంకషన్లు 19. కంకషన్ లేకుండా జరిగిన ఆటలు రెండే రెండు. ఆటగాళ్లు మాత్రం దాన్ని దెబ్బ కింద లెక్కే వేయలేదట.

అంటే, మగపిల్లవాడి తల అదిరితే గట్టున నిలబడి చూసి, కాగితం మీద రాసుకునే డాక్టరు 1905 నాటికే వున్నాడు. ఆడపిల్లకు గట్టున డాక్టరు లేడు, ఎందుకంటే ఆమెకు మైదానమే లేదు. ఇంగ్లండులో 1920 డిసెంబరులో ఆడవాళ్ల ఫుట్‌బాల్ పోటీ చూడ్డానికి లివర్‌పూల్‌లో 53 వేలమంది వచ్చారు. మరుసటి డిసెంబరులో అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్లకు తగదని తమ మైదానాలన్నీ వాళ్లకు మూసేసింది. తెరిచేసరికి 1971 అయింది.

1928 సంవత్సరం దగ్గర మాత్రం మనం కాసేపు ఆగాలి. ఆ ఏడు రెండు సంగతులు జరిగాయి.

ఒకటి. న్యూజెర్సీ రాష్ట్రంలో శవపరీక్షలు చేసే డాక్టరు హారిసన్ మార్ట్‌లాండ్, ముష్టియుద్ధం చేసేవాళ్ల మెదళ్ల గురించి ఒక వ్యాసం రాశాడు. ఏళ్ల తరబడి తలమీద గుద్దులు తిన్న బాక్సర్లు తాగినవాళ్లలా తూలడం, మాట తడబడడం, చేతులు వణకడం, చివరికి మతి తప్పడం జనం చూస్తూనే వున్నారు. "పంచ్ డ్రంక్" అని వేళాకోళం చేసేవారు. ఇది వేళాకోళం కాదు, మెదడు జబ్బు అని వైద్యశాస్త్రంలో మొదట రాసినవాడు ఆయన. ఆడవాళ్ల గోడు పట్టనివాడని ఆయన్ను అనడానికి వీల్లేదు. మూడేళ్ల ముందే, గడియారాల అంకెలకు రేడియం రంగు పూసే పడుచుపిల్లలు, కుంచె మొనను నాలుకతో తడిపి తడిపి ఎముకలు కుళ్లి చనిపోతుంటే, అది రేడియం విషమే అని తేల్చి చెప్పింది ఈయనే. ఫ్యాక్టరీలో ఆడపిల్లలున్నారు గనుక అక్కడ వాళ్లను చూశాడు. బాక్సింగ్ బరిలో ఆడవాళ్లు లేరు గనుక ఆ వ్యాసంలో అందరూ మగవాళ్లే.

రెండోది. అదే 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లను మొదటిసారి 800 మీటర్లు పరుగెత్తనిచ్చారు. ఫైనల్లో తొమ్మిదిమంది. జర్మనీ అమ్మాయి లీనా రాడ్కె ప్రపంచ రికార్డుతో నెగ్గింది. తొమ్మిదిమందీ గీత దాటారు. గీత దాటాక ఒకరిద్దరు అలిసి నేలమీద పడ్డారు. మగవాళ్లు పడరా? పత్రికలవాళ్లు మాత్రం, పాపం ఆడవాళ్లు కుప్పకూలిపోయారు, చూడలేకపోయాం అని రాశారు. ఆడవాళ్లకు ఆ పరుగే తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో, రోములో. ముప్ఫైరెండేళ్లు!

చూశారా, అదే ఏడు మగవాడి తల గురించి శాస్త్రం మొదలైంది, ఆడదాన్ని ఒంటికి మంచిది కాదని ఇంటికి పంపారు. తరవాత డెబ్భై ఎనభై ఏళ్లు కంకషన్ గురించి నేర్చుకున్నదంతా బాక్సర్ల మీద, ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద, సైనికుల మీద నేర్చుకున్నదే.

మధ్యలో ఒక్క ఆడమనిషి తారసపడుతుంది. 1990లో లాన్సెట్ అనే పేరున్న వైద్యపత్రికలో ఇంగ్లండు డాక్టర్లు ఒక ముసలావిడ మెదడు గురించి రాశారు. బాక్సర్లకు వచ్చే ఆ జబ్బే ఆవిడ మెదడులో కనిపించింది. ఆవిడ ఏ బరిలోనూ దిగలేదు. ఆ దెబ్బలు మొగుడు కొట్టినవి. ఈ ముక్క చదివిన రోజు నాకు వంటింట్లో పని సాగలేదు.

అమెరికాలో ఆడపిల్లలకు మైదానం తెరుచుకున్నది 1972లో. ప్రభుత్వ సొమ్ము తీసుకునే బడుల్లో, కాలేజీల్లో ఆడా మగా తేడా చూపకూడదని ఆ ఏడు చట్టం వచ్చింది. దానికోసం గట్టిగా పనిచేసిన వాళ్లలో హవాయి నుంచి వచ్చిన పార్లమెంటు సభ్యురాలు పాట్సీ మింక్ ఒకరు. ఆవిడ చిన్నప్పుడు డాక్టరు కావాలని దరఖాస్తులు పెడితే మెడికల్ కాలేజీలన్నీ కాదన్నాయి. ఆ చట్టం వచ్చేనాటికి హైస్కూలు జట్లలో ఆడే అమ్మాయిలు మూడు లక్షల లోపు, అబ్బాయిలు 36 లక్షల పైన. ఇప్పుడు అమ్మాయిలు 30 లక్షలు దాటారు. 1975లో ఆ చట్టానికి రాసిన నిబంధనల్లో, అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఏమేం సమానంగా ఇవ్వాలో జాబితా వుంది. బట్టలు, బంతులు, కోచ్‌లు, ఆట వేళలు, వీటితోపాటు వైద్య సదుపాయం అనే మాట కూడా వుంది. అంటే కాగితం మీద యాభై ఏళ్ల కిందటే వుందన్నమాట.

కాగితం నుంచి గట్టుమీదకు రావడమే కష్టమైంది. అక్కడ అథ్లెటిక్ ట్రైనర్ అని ఒక ఉద్యోగి వుంటారు. ఆట నేర్పే కోచ్ వేరు, ఈయన వేరు. దెబ్బలు చూడడానికి చదువుకుని పరీక్ష పాసై, ఆట జరుగుతుంటే పక్కన నిలబడి వుండేవారు. పిల్లవాడు తూలితే ముందు పట్టుకునేది ఈయనే, డాక్టరుకు చూపించండని తల్లికి చెప్పేదీ ఈయనే. అమెరికాలో మూడింట ఒక వంతు హైస్కూళ్లకు అసలు ట్రైనరే లేడు. ఒక్కరే వున్న బడిలో, శుక్రవారం సాయంత్రం ఫుట్‌బాల్ పోటీకి వుంటాడా, అదే వేళకు ఇంకోచోట జరిగే ఆడపిల్లల ఆటకు వుంటాడా? డబ్బూ జనమూ ఎక్కడుంటే అక్కడ వుంటాడు. దెబ్బలు ఎక్కువ తగిలేది ఫుట్‌బాల్‌లోనే అన్న మాటా నిజమే, కాదనను.

2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ల కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ తల నేలకు కొట్టుకున్నాడు. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ ఆడించారు. ఆట అయ్యేసరికి పడిపోయాడు. మెదడులో నెత్తురు. పుర్రె తెరిచి ఆపరేషన్లు చేశారు. మళ్లీ మాట రావడానికే నెలలు పట్టింది. ఆ పిల్లవాడి పేరుమీద 2009లో చట్టం వచ్చింది. తల అదిరిందన్న అనుమానం వస్తే చాలు, ఆ క్షణమే ఆటలోంచి తీసేయాలి, డాక్టరు రాసిచ్చేదాకా మళ్లీ దింపకూడదు. 2014 నాటికి అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. మంచి చట్టం, ఎన్నో ప్రాణాలకు రక్ష. కాని అనుమానం రావాలి కదా! అనుమానం ఎవరికి రావాలి? గట్టున నిలబడి చూసేవాళ్లకు.

దీనికి సాక్ష్యం మిషిగన్ రాష్ట్రం హైస్కూళ్లనుంచి వచ్చింది. మనం ఫుట్‌బాల్ అనే ఆటను వాళ్లు సాకర్ అంటారు. మూడేళ్లపాటు సాకర్ ఆడిన 80 వేలమంది పైచిలుకు పిల్లల లెక్కలు తీసి 2021లో ప్రచురించారు. అబ్బాయిలకన్నా అమ్మాయిలకు కంకషన్లు దాదాపు రెట్టింపు. దెబ్బ తగిలిన రోజే ఆటలోంచి తీసేయడం మాత్రం అబ్బాయిల విషయంలోనే ఎక్కువ, అమ్మాయిలకన్నా ఒకటిన్నర రెట్లు. ఎందుకిలా? అబ్బాయిలు ఎక్కువగా ఒకరినొకరు గుద్దుకుని దెబ్బ తిన్నారు. ఇద్దరు ఢీకొంటే చూపులన్నీ అటే, రిఫరీ విజిల్ వేస్తాడు, ఆట ఆగుతుంది. అమ్మాయిలకు ఎక్కువగా తగిలింది బంతి దెబ్బ, గోలు గుంజ దెబ్బ. బంతి తలకు తగిలి పక్కకు పోతే చూపులన్నీ బంతి వెంట పోతాయి. తల పట్టుకున్న పిల్లను ఎవరు చూస్తారు?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వేస్తారు. అమ్మాయిల ఒంట్లోనే తేడా వుందేమో కదా అని. కొంత వుంది. మెడ కండరాల బలం తక్కువ కావడం వల్ల తల ఎక్కువ ఊగుతుందంటారు. 2018లో పెన్సిల్వేనియా యూనివర్సిటీవాళ్లు ప్రయోగశాలలో పెంచిన నరకణాలను చూసి, ఆడవాళ్ల నరపు పోగులు మగవాళ్లవాటికన్నా సన్నవి, ఒకే రకం లాగుడుకు ఎక్కువ దెబ్బతింటాయి అని తేల్చారు. సరే. దెబ్బ తగలడంలో ఒంటి పాలు వుంది. మరి ఇన్నాళ్లూ డాక్టర్లు చెప్పుకుంటూ వచ్చిన రెండో మాట, అమ్మాయిలు కోలుకోవడానికి చాలాకాలం పడుతుంది అనేది? దానికి కూడా ఒళ్లే కారణమా?

ఫిలడెల్ఫియా వ్యాసం మళ్లీ తెరవాలి. అక్కడా అమ్మాయిలే ఆలస్యంగా కోలుకున్నారు. బడికి మామూలుగా పోవడానికీ, ఆటకు దిగడానికీ అబ్బాయిలకన్నా ఎక్కువ రోజులు పట్టాయి. ఆ డాక్టర్లు ఇంకో పని చేశారు. దెబ్బ తగిలిన వారంలోపే తమ దగ్గరకు వచ్చిన పిల్లల్ని వేరుగా తీసి చూశారు. ఆ పిల్లల్లో తేడా లేదు! వారంలోపు వచ్చిన అమ్మాయి, వారంలోపు వచ్చిన అబ్బాయి, ఇద్దరూ ఒకలాగే కోలుకున్నారు.

ఇంకొక రుజువు కాలేజీలనుంచి. అమెరికా పెద్ద కాలేజీల్లో అబ్బాయిల జట్టుకూ అమ్మాయిల జట్టుకూ కూడా ట్రైనర్లూ డాక్టర్లూ అందుబాటులో వుంటారు. అలాంటి చోట్ల, ఇద్దరూ ఆడే ఆటల్లో, వెయ్యికి పైగా కంకషన్లు చూసి 2021లో రాశారు. మొత్తంమీద చూస్తే కోలుకున్న కాలం ఇద్దరికీ ఇంచుమించు సమానం. ఒకటి రెండు ఆటల తరహాల్లో అటూ ఇటూ కాస్త తేడా, అంతే. హైస్కూలు పిల్లకు లేని బలం కాలేజీకి పోగానే ఒంట్లోకి ఎక్కడనుంచి వచ్చింది? 

నాకు అన్నిటికన్నా విడ్డూరమనిపించేది ఇది. తల బాగాలేదని నోరు విప్పి చెప్పుకోవడంలో అబ్బాయిలకన్నా అమ్మాయిలే నయమని చాలా పరిశీలనల్లో తేలింది. అబ్బాయిలు ఆటలోంచి తీసేస్తారని దాచుకుంటారు. చెప్పుకునే పిల్లే ఆలస్యంగా డాక్టరును చేరుతోంది! చెబితే వినేవాళ్లేమనుకుంటున్నారో మనం వూహించవచ్చు. నెలసరి కాబోలు, పరీక్షల భయం కాబోలు, దానికి అన్నీ ఎక్కువే. ఎరిక్సన్ గారి రైలు పెట్టె ఇంకా కదులుతూనే వుంది.

వైద్యులకు దారి చూపే పుస్తకాలూ అలాగే తయారయ్యాయి. ఆటల్లో కంకషన్ గురించి ప్రపంచమంతా పాటించే మూడు పెద్ద మార్గదర్శక పత్రాలు ఏయే పరిశోధనల మీద ఆధారపడ్డాయో 2022లో కొందరు లెక్కవేశారు. ఆ పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో నూటికి 80 మంది మగవాళ్లు. నూటికి 40 పరిశోధనల్లో ఆడమనిషి ఒక్కరూ లేరు. మగవాళ్లు లేని పరిశోధనలు నూటికి ఒకటి.

ఆస్ట్రేలియాలో హీథర్ ఆండర్సన్ అని ఒకమ్మాయి, సైన్యంలో వైద్య సహాయకురాలు. అక్కడి రూల్సు ప్రకారం ఆడే ఫుట్‌బాల్‌లో 2017లో అడిలైడ్ జట్టు తరఫున ఆడి కప్పు గెలిచింది. వాళ్లమ్మకు చూపు సరిగా ఆనదు. అంత మైదానంలో కూతురెక్కడుందో తెలియాలని ఆ పిల్ల కళ్లు జిగేల్‌మనే గులాబీరంగు టోపీ పెట్టుకుని ఆడేది. 2022లో, 28 ఏళ్లకే చనిపోయింది. ఇంటివాళ్లు ఆమె మెదడును పరీక్షకు ఇచ్చారు. మార్ట్‌లాండ్ బాక్సర్లలో చూసిన ఆ జబ్బు ఆమె మెదడులో వుందని 2023లో ప్రకటించారు. వృత్తిగా ఆడే క్రీడాకారిణిలో అది బయటపడడం అదే మొదలు. ఆమె ఆడినంతకాలంలో డాక్టర్లు గుర్తించిన కంకషన్ ఒక్కటేనట. ఇంకో నాలుగు అయివుంటాయని ఇంటివాళ్ల అనుమానం.

ఇవన్నీ విని, అయితే ఆడపిల్లల్ని ఆటలకు పంపవద్దంటారా అని మీలో ఎవరైనా అడగవచ్చు. 1928లో చెప్పిన జవాబే మళ్లీ మనమూ చెబుదామా? మార్ట్‌లాండ్ చూసిన బరిలోకి ఆడవాళ్లు 2012 నుంచి ఒలింపిక్స్‌లో కూడా దిగుతున్నారు. మన నిజామాబాదు పిల్ల నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయింది. కబడ్డీకి, ఫుట్‌బాల్‌కి, క్రికెట్‌కి పిల్లలు పోతూనే వుంటారు. మన బళ్లలో చాలాచోట్ల గట్టున నిలబడే ట్రైనరు వుండరు, డ్రిల్లు మాస్టారొక్కరే వుంటారు. ఆయన చూడకపోతే చూడవలసింది మనమే.

అందుకని నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాను. తలకో మొహానికో బంతి తగిలిందన్నా, కిందపడి తల అదిరిందన్నా, ఆ రోజుకు ఆట బంద్. గంట గడిచాక బాగానే వున్నానన్నా సరే. మాటిమాటికీ వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, మాట ముద్దగా రావడం, కంటిపాపలు ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా కనబడడం, ఫిట్సు, లేపితే లేవకపోవడం, వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇవేవీ లేకపోయినా ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరుకు చూపించండి, తగ్గుతుందేమోనని వారం చూడకండి. చీకటిగదిలో వారాల తరబడి పడుకోబెట్టే పద్ధతి ఇప్పుడు లేదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లోనే కూడిన నిపుణులు చెప్పింది, ఒకటి రెండు రోజులు నెమ్మదిగా వుండాలి, సెల్‌ఫోను తగ్గించాలి, తరవాత కొద్దికొద్దిగా నడక. ముందు బడి, ఆ తరవాతే ఆట, అదీ డాక్టరు సరేనన్నాక. తల దిమ్ము అంటే కళ్లజోడు కావాలేమో, రక్తం తక్కువేమో అని చుట్టూ తిరగకుండా, ఆటలో దెబ్బ తగిలింది అన్న మాట డాక్టరుతో మొట్టమొదట చెప్పండి. దెబ్బ ఏ రోజు, ఎన్ని గంటలకు తగిలిందో, అప్పటినుంచి పిల్ల ఏమేం చెబుతోందో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.